ర్యాలీ సైకిలు వెనుక ఉన్న మనిషి – సర్ ఫ్రాంక్ బౌడెన్



మన సంఘం ప్రత్యేక సంచిక కోసం ఎవరైనా ఒక ప్రముఖుని జీవితం గురించి వ్రాయవలసిందిగా కార్యదర్శి గారు కోరారు. దేశ నాయకుల గురించి, కవుల గురించి, మన శాఖకు పేరు తెచ్చిన పెద్దల గురించి నాకంటే బాగా వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను సర్వీసంతా సైకిలు మీద ఆఫీసుకు వెళ్ళి వచ్చిన గుమాస్తాను. కనుక సైకిలుకు సంబంధించిన ఒక పెద్దమనిషి కథ వ్రాస్తున్నాను. ఆయన పేరు మనలో చాలామంది వినకపోవచ్చు. కాని ఆయన కంపెనీ పేరు వినని ఇల్లు మన తరంలో లేదు. అదే ర్యాలీ. ఆయన సర్ ఫ్రాంక్ బౌడెన్. ఆయన చనిపోయి నూరేళ్ళు దాటింది.

ముందుగా ఆయన దగ్గరకు నేను ఎలా చేరానో చెప్పాలి.

పదవీ విరమణ చేసిన తరువాత మొదటి రెండేళ్ళు నేను వరండాలో పడక కుర్చీకే అంటుకుపోయాను. పొద్దున పేపరు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం టీవీ. షుగరు వచ్చింది. మోకాళ్ళు పట్టేశాయి. నడవమని డాక్టరు గారు చెప్పారు గాని, వీధి చివరకు వెళ్ళేసరికి మోకాలు కలుక్కుమనేది. ఇక మన పని అయిపోయింది, మిగిలింది రోజులు లెక్కపెట్టుకోవడమే అనే ఆలోచన నాకు లోలోపల స్థిరపడిపోయింది. మా ఆవిడతో కూడా ఈ మాట ఎప్పుడూ పైకి అనలేదు. ఇది చదివే మీలో కొందరికి ఈ స్థితి తెలిసే ఉంటుంది.

ఆ రోజుల్లోనే ఏలూరులో మా నాన్నగారి ఇంటి పెరటి పాక పడగొట్టవలసి వచ్చింది. అందులో, వరిగడ్డి కింద, మా నాన్నగారి సైకిలు బయటపడింది. ఆయన 1952లో కొన్నది. మూడు నెలల జీతానికి పైనే అయిందని మా అమ్మ చివరిదాకా దెప్పుతూ ఉండేది. పాత ఇనుప సామాన్లవాడు గుమ్మంలో త్రాసు పట్టుకుని నిలబడ్డాడు. కిలోల లెక్కన తూచడానికి దాన్ని పైకి ఎత్తబోతూ ఉండగా వెనుక చక్రం ఒక చుట్టు తిరిగింది. టిక్ టిక్ టిక్ అని ఆ చప్పుడు. నాన్నగారు సాయంత్రం ఇంటికి వచ్చి సైకిలు అరుగు పక్కకు నడిపించేటప్పుడు మేము వినే చప్పుడు అదే. నేను ఇనుప సామాన్లవాణ్ణి పంపించేశాను.

వెనుక హబ్బు మీద మడ్డి తుడిచి చూస్తే సన్నని అక్షరాలు కనిపించాయి. స్టర్మీ ఆర్చర్ అని పేరు, ఏడబ్ల్యూ అని రకం, దాని పక్కన 51 అనీ 8 అనీ అంకెలు. అంటే 1951 ఆగస్టులో తయారైన హబ్బు అన్నమాట. హ్యాండిల్ కింద, ముందు గొట్టానికి ఉన్న బిళ్ళ మీద కొంగ తల, నాటింగ్‌హాం, ఇంగ్లండు అనే మాటలు. నా కంటే వయసులో పెద్దదైన ఈ సైకిలును ఎవరు చేశారు, ఎందుకు చేశారు అని తెలుసుకోవాలనిపించింది. మనవడు సెల్‌ఫోనులో వెతికి పెట్టాడు, మా అబ్బాయి పుస్తకాలు పంపాడు. అలా బౌడెన్ గారు నాకు పరిచయమయ్యారు.

హాంకాంగ్ నుండి రోగిగా తిరుగుప్రయాణం

ఫ్రాంక్ బౌడెన్ 1848 జనవరి 30న పుట్టారు. ఇంగ్లండు నైరుతి మూల ఉన్న డెవన్ ప్రాంతం ఆయనది. ఇరవై నాలుగేళ్ళ వయసులో హాంకాంగ్ వెళ్ళారు. అప్పట్లో అది బ్రిటిషువారి చేతిలో ఉన్న ఓడరేవు. అక్కడ షేర్ల వ్యాపారంలో ఆయనకు బాగా కలిసివచ్చింది. ముప్పయ్యవ పడిలోనే, ఇక పని చేయకపోయినా జరిగిపోయేంత డబ్బు కూడబెట్టారు.

డబ్బు వచ్చింది గాని ఒళ్ళు పాడైపోయింది. నలభై ఏళ్ళు నిండకముందే ఆయన రోగిగా ఇంగ్లండుకు తిరిగివచ్చారు. వైద్యులు ఆరు నెలల కంటే ఎక్కువ బ్రతకడని చెప్పారన్నది ర్యాలీ వారు తరతరాలుగా చెప్పుకున్న కథ. ఆ ఆరు నెలల లెక్క ఎంతవరకు అక్షరాలా నిజమో గాని, ఆయన వైద్యుని సలహా మీదనే సైకిలు ఎక్కారన్నది మాత్రం ఆయన స్వయంగా చెప్పుకున్న సంగతి. మందులతో కుదరని ఒంటికి సైకిలు తొక్కి చూడమని ఆ డాక్టరు చెప్పారు.

ఆ రోజుల్లో సైకిలు అంటే మనం ఎరిగిన సైకిలు కాదు. ముందు చక్రం మనిషి ఎత్తు, వెనుక చక్రం పిల్లవాడి బొంగరం అంత ఉండే ఎత్తు సైకిళ్ళు అప్పటికి ఇంకా ఉన్నాయి. వాటి మీద నుండి పడితే తలకిందులుగానే పడాలి. అందుచేత జబ్బు మనిషి అయిన బౌడెన్ మొదట మూడు చక్రాల సైకిలు పట్టుకున్నారు. మెల్లమెల్లగా దూరం పెంచుకుంటూ పోయారు. ఆకలి పుట్టింది, నిద్ర పట్టింది, ఒంట్లోకి బలం వచ్చింది.

రెండు చక్రాలూ ఇంచుమించు సమానంగా ఉండి, చెయిను ద్వారా వెనుక చక్రం తిరిగే సైకిలు 1885 ప్రాంతంలో వాడుకలోకి వచ్చింది. పడిపోయే ప్రమాదం తక్కువ గనుక దానిని సేఫ్టీ సైకిలు అన్నారు. 1887 మొదట్లో లండనులో క్వీన్ విక్టోరియా వీధిలో బౌడెన్ ఒక మంచి సైకిలు కోసం వెతుకుతూ ఉంటే, అక్కడ ప్రదర్శనకు పెట్టిన ర్యాలీ అనే కొత్త సైకిలు కంటపడింది. పల్లానికీ మెరకకూ తగినట్టు పళ్ళ చక్రం మార్చుకునే ఏర్పాటు దానికి ఉంది. అది ఆయనకు నచ్చింది. కొన్నారు.

ఆ సైకిలు మీద 1887, 1888 సంవత్సరాలలో ఆయన ఇంగ్లండు, ఫ్రాన్సు, ఇటలీ దేశాలు తిరిగారు. డన్‌లప్ గారి గాలి టైరుకు పేటెంటు వచ్చింది 1888లో. అంటే బౌడెన్ తొక్కినది గాలి లేని గట్టి రబ్బరు చక్రాల మీద. అప్పటి కంకర రోడ్ల మీద ఆ కుదుపు ఎలా ఉంటుందో ఒకసారి ఊహించండి. పోయేవాడని పేరు పెట్టిన మనిషి అన్ని మైళ్ళు తొక్కి ఆరోగ్యవంతుడై తిరిగివచ్చారు.

మూడు గదుల కర్మాగారం

1888 ఆకురాలు కాలంలో ఆయన నాటింగ్‌హాం పట్టణం మీదుగా వెళుతూ, తన సైకిలు చేసిన వారిని ఒకసారి చూద్దామని ఆగారు. ఇంకా కొత్త రకం ఏదైనా దొరుకుతుందేమోనన్నది ఆశ. అంటే ఆయన ఆ గుమ్మంలోకి అడుగుపెట్టింది వ్యాపారం కొనడానికి కాదు, సైకిలు కొనడానికి.

నాటింగ్‌హాం లేసు అల్లికలకు పేరుపడ్డ ఊరు. అక్కడ ర్యాలీ వీధి అనే చిన్న వీధిలో రిచర్డ్ వుడ్‌హెడ్ అనే మెకానిక్కు, పాల్ ఆంగ్వా అనే ఫ్రెంచి వ్యక్తి, విలియం ఎల్లిస్ అనే మదుపుదారు కలిసి 1885 నాటికి సైకిళ్ళ పని మొదలుపెట్టారు. వీధి పేరే సైకిలు పేరు అయింది. ఆ వీధికి ఆ పేరు మొదటి ఎలిజబెత్ రాణి కాలపు నావికుడు సర్ వాల్టర్ ర్యాలీ నుండి వచ్చింది. మన నాన్నల కాలం నుండి సైకిలుకు మారుపేరుగా వాడిన ఆ మాటకు మూలం ఒక వీధి పలక అని తెలిసి నాకు నవ్వు వచ్చింది.

చిన్న చిన్న పనిగదులు, కొద్దిమంది పనివాళ్ళు, వారానికి మూడు సైకిళ్ళు. అదీ అప్పటి ర్యాలీ కర్మాగారం. పనితనం బాగుంది, పెట్టుబడి లేదు. బౌడెన్ ఆ రెండూ గమనించారు. ఎల్లిస్ వాటాను తాను తీసుకున్నారు. 1889 జనవరిలో లిమిటెడ్ కంపెనీగా రిజిస్టరు అయింది. ఒక్కొక్కటి ఒక పౌను విలువ గల షేర్లు బౌడెన్‌కు 5,000, వుడ్‌హెడ్, ఆంగ్వాలిద్దరికీ కలిపి మరో 5,000. సైకిలు రూపకల్పన ఆంగ్వాకు, కర్మాగారం నడిపే పని వుడ్‌హెడ్‌కు అప్పగించి, బౌడెన్ చైర్మనుగా కూర్చున్నారు. బయటివారు షేర్లు కొనడానికి పెద్దగా ముందుకు రాకపోతే అవి కూడా ఆయనే కొన్నారు.

అప్పటికి ఆయన వయసు నలభై. ఆరోగ్యం తిరిగి వచ్చింది, డబ్బు ఉంది. హాయిగా ఇంటిపట్టున ఉండి వడ్డీ తినవచ్చు. అయినా తనకు మేలు చేసిన వస్తువును నలుగురికీ అందించాలని రెండవసారి జీవితం మొదలుపెట్టారు. వ్యాపారి గనుక లాభం కూడా చూసుకున్నారు. ఆ మాట దాచవలసిన పని లేదు.

ర్యాలీ వీధి మలుపు తిరిగితే వచ్చే రస్సెల్ వీధిలో అయిదు అంతస్తుల పాత లేసు మిల్లు ఉంది. దానిని అద్దెకు తీసుకుని కొత్త యంత్రాలు పెట్టారు. 1891 నాటికి ఆ మిల్లు చాలక చుట్టుపక్కల భవనాలు కూడా తీసుకున్నారు. ప్రచారం ఎలా చేయాలో బౌడెన్‌కు బాగా తెలుసు. ఆర్థర్ జిమ్మర్‌మన్ అనే అమెరికా పందెగాడు 1892లో ఇంగ్లండు వచ్చి ర్యాలీ సైకిలు మీద పందేలు గెలిచాడు. ఆ మరుసటి ఏడు షికాగోలో జరిగిన మొట్టమొదటి ప్రపంచ సైకిలు పోటీలలో కూడా అతడు విజేత అయ్యాడు. ఆ గెలుపులను చూపించి ర్యాలీ పేరు ఊరూరా మోగించారు. ఆ తరువాత కొద్ది ఏళ్ళకు, బోర్డో నుండి పారిస్ దాకా 1891లో జరిగిన మొదటి పందెం గెలిచిన జార్జి మిల్స్‌ను తెచ్చి కర్మాగారంలో పెట్టుకున్నారు. సైకిలు తొక్కి దాని మంచి చెడ్డలు ఒంటితో తెలుసుకున్నవాడు చేసే సైకిలు వేరుగా ఉంటుందన్నది బౌడెన్‌కు స్వానుభవం.

షేర్ల జాతర

1896లో ఇంగ్లండులో సైకిలు పిచ్చి పట్టింది. గాలి టైరు వచ్చాక దొరలు, దొరసానులు కూడా సైకిలెక్కారు. ఏ సైకిలు కంపెనీ షేరైనా రాత్రికి రాత్రి ధర పెరిగేది. ఎర్నెస్ట్ హూలీ అనే షేర్ల దళారి కంపెనీలను కొనడం, వాటి విలువ పెంచి చూపి జనానికి అమ్మడం పనిగా పెట్టుకున్నాడు. ర్యాలీ కూడా 1896లో అతని చేతుల మీదుగా కొత్త షేర్లతో బజారుకు వచ్చింది. మరుసటి ఏడే ఆ వేడి చల్లారింది. ఎన్నో కంపెనీలు మూతపడ్డాయి. షేర్లు కొన్న చిన్నవాళ్ళు నిలువునా మునిగారు. 1898లో హూలీ దివాలా తీశాడు.

ఈ భాగం చదువుతున్నప్పుడు మన తోటివారే నాకు జ్ఞాపకం వచ్చారు. రిటైరైనప్పుడు చేతికి వచ్చిన గ్రాట్యుటీ, ప్రావిడెంటు ఫండు సొమ్ము ఎక్కువ వడ్డీ ఆశకు పోయి పోగొట్టుకున్నవారు మనలో లేకపోలేదు. హాంకాంగ్‌లో షేర్లతో సంపాదించిన బౌడెన్‌కు ఆ ఆటలో ఎత్తుపల్లాలు తెలుసు. ఆయన నిలదొక్కుకున్నది షేర్ల వల్ల కాదు, కర్మాగారం వల్ల. ఊరి చివర లెంటన్ అనే చోట ఏడున్నర ఎకరాలలో కట్టిన కొత్త కర్మాగారం 1897లో పూర్తయింది. గిరాకీ పడిపోయిన రోజుల్లో అక్కడ యంత్రాలు మెరుగుపరిచి, ఖర్చు తగ్గించి, సామాన్యుడు కొనగలిగే ధరకు సైకిలు తేవడానికి ప్రయత్నించారు. పోత పోసిన జాయింట్లకు బదులు ఉక్కు రేకును అచ్చులో నొక్కి చేసిన జాయింట్లు వాడి, పూర్తిగా ఉక్కు సైకిలు అని ప్రచారం చేశారు. 1913 నాటికి ప్రపంచంలో అతి పెద్ద సైకిలు కర్మాగారం తమదేనని ర్యాలీ వారు చెప్పుకున్నారు.

హబ్బులో దాగిన గ్రహాలు

మా నాన్నగారి సైకిలులో నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరచినది వెనుక హబ్బు. పైకి లావుపాటి డబ్బాలా కనిపిస్తుంది. లోపల నడుమ ఒక పళ్ళ చక్రం సూర్యుడిలా ఉంటే, దాని చుట్టూ చిన్న చక్రాలు గ్రహాలలా తిరుగుతాయి. హ్యాండిల్ దగ్గర ఉన్న మీట నొక్కితే మూడు వేగాలు వస్తాయి. నడిమిది మామూలు. పైది అంతకు మూడో వంతు ఎక్కువ. కిందది నాలుగో వంతు తక్కువ. కాలువ వంతెన ఎక్కేటప్పుడు, ఎదురుగాలి కొట్టేటప్పుడు కింది గేరు వేస్తే మోకాలి మీద బరువు తగ్గుతుంది.

దీనిని 1903లో బజారులోకి తెచ్చింది బౌడెన్ గారే. హెన్రీ స్టర్మీ అనే సైకిలు పత్రికల సంపాదకుడు ఒక రకం మూడు గేర్ల హబ్బు తయారు చేసుకుని ఆయన దగ్గరకు వచ్చారు. జేమ్స్ ఆర్చర్ అనే ఇంజనీరు తరఫున మరొక రకం వచ్చింది. బౌడెన్ ఇద్దరి హక్కులూ తీసుకుని ఒక కంపెనీ పెట్టి, ఇద్దరి పేర్లూ కలిపారు. ఆర్చర్ పేరున ఉన్న గేరు అసలు రూపకల్పన విలియం రైలీ అనే మరొకరిదని తరువాత పరిశోధకులు తేల్చారు. ఆయన పేరు హబ్బు మీదకు ఎక్కలేదు. పని ఒకరిది, సంతకం మరొకరిది కావడం మన ఆఫీసులలోనే కాదు, అక్కడా ఉన్నదన్నమాట.

ఇక్కడ మరొక పొరపాటు సవరించాలి. స్కూటరు క్లచ్చుకు, సైకిలు బ్రేకుకు గొట్టంలో కదిలే తీగ ఉంటుంది కదా, దానిని బౌడెన్ కేబుల్ అంటారు. అది ర్యాలీ బౌడెన్ కనిపెట్టారని చాలాచోట్ల వ్రాస్తారు. అది సరికాదు. దానిని కనిపెట్టినది ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్ అనే ఐర్లండు దేశస్థుడు. 1896లో పేటెంటు తీసుకున్నారు. ఇంటిపేరు ఒకటే గాని మనుషులు వేరు. మా నాన్నగారి సైకిలుకైతే ఆ తీగలు లేవు, కడ్డీ బ్రేకులే.

నేను చేసిన పొరపాటు, నేర్చుకున్న పని

సైకిలు బాగుచేయడం మొదలుపెట్టినప్పుడు తెలియక ఒక తప్పు చేశాను. మొదట మడ్‌గార్డులు ఊడదీసి ఒక రంగుల షాపులో ఇచ్చాను. మర్నాడు వెళ్ళేసరికి వెనుక మడ్‌గార్డు మీద ఉన్న పాత నల్లరంగు, బంగారు గీతలు, ర్యాలీ అక్షరాలు అన్నీ గీకి తెల్లగా చేసేశాడు. అతని తప్పు లేదు, కొత్తగా మెరిసేలా చేయమని అడిగింది నేనే. నాన్నగారి చెయ్యి తాకిన రంగు అది. మరి తిరిగి రాదు. ముందు మడ్‌గార్డు మాత్రం చేతిలో పట్టుకుని ఇంటికి వచ్చేశాను.

తరువాత మా పేట సైకిలు షాపు సాయిబు గారు నాకు గురువయ్యారు. ఆయనకు డెబ్బై దాటాయి. పాత సైకిలుకు రంగు వేయకూడదని, మడ్డిని మెత్తని గుడ్డకు నూనె రాసి ఓపికగా తుడవాలని చెప్పారు. వంటింటిలో వాడే అల్యూమినియం రేకు నీళ్ళలో తడిపి రుద్దితే హ్యాండిల్ మీద తుప్పు పోయి మెరుపు పైకి వచ్చింది. క్రాంకును ఇరుసుకు బిగించే కాటర్ పిన్నులు డెబ్బై ఏళ్ళుగా పట్టేసి ఉన్నాయి. వాటిని ఊరికే సుత్తితో కొడితే వంగిపోతాయి. వారం రోజులు నూనె పోసి నానబెట్టి, క్రాంకు కింద ఇనుప గొట్టం ఆనించి, ఒక్క దెబ్బ గట్టిగా కొడితే బయటకు వచ్చాయి.

క్రాంకు ఇరుసు కప్పుల దగ్గర మరొక సంగతి తెలిసింది. మిగతా ఇంగ్లీషు కంపెనీలు ఆ చోట అంగుళానికి 24 మరలు కోస్తే, ర్యాలీ వారు 26 కోసేవారు. బజారులో దొరికే కప్పు అందులో ఎక్కదు. బలవంతం చేస్తే మరలు పోతాయి. కనుక పాత కప్పులనే శుభ్రం చేసి, గోళీలు మాత్రం కొత్తవి వేశాము. హబ్బుకు గ్రీజు పెట్టకూడదు. పక్కన ఉన్న చిన్న మూత తెరిచి పలుచని నూనె కొన్ని చుక్కలు వేయాలి. వేసి రెండు రోజులు తిప్పగానే మూడు గేర్లూ పడ్డాయి. ఇన్నేళ్ళు గడ్డి కింద పడి ఉన్న యంత్రం అది. టైర్ల బెంగ లేకపోయింది. 28 అంగుళాల ఒకటిన్నర టైరు మన దేశంలో ఇప్పటికీ దొరుకుతుంది.

నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ నేను పడక కుర్చీలో కూర్చోలేదని మా ఆవిడ గుర్తుచేస్తే గాని నాకు తట్టలేదు.

చివరి రోజులు, తరువాత

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ర్యాలీ కర్మాగారంలో ఆయుధాల సామగ్రి కూడా తయారైంది. 1915లో బ్రిటిషు ప్రభుత్వం బౌడెన్‌కు బారొనెట్ బిరుదు ఇచ్చింది. అప్పటి నుండి ఆయన సర్ ఫ్రాంక్ అయ్యారు. ఆరోగ్యానికి సైకిలు ఎలా ఉపకరిస్తుందో, ఎలా తొక్కాలో చెబుతూ ఒక చిన్న పుస్తకం కూడా ఆయన వ్రాశారు. 1921 ఏప్రిల్ 25న చనిపోయారు. అప్పటికి ఆయన వయసు డెబ్బై మూడు. పోతారని వైద్యులు తేల్చిన తరువాత ముప్పయి ఏళ్ళకు పైగా బ్రతికారు.

ఆయనను దేవుణ్ణి చేసి వ్రాయడం నా ఉద్దేశం కాదు. సైకిలుకు రూపం ఇచ్చిన వుడ్‌హెడ్, ఆంగ్వాల పేర్లు మరుగున పడిపోయి, డబ్బు పెట్టినవాడి పేరు నిలిచింది. మందు వేసినట్టు సైకిలు తొక్కడానికి దేశదేశాలు తిరిగే స్తోమతు అందరికీ ఉండదు కూడా. అయినా రోగంతో వచ్చిన తీరిక సమయాన్ని ఆయన ఎలా వాడుకున్నారో అదే నాకు ముఖ్యం.

తండ్రి తరువాత కుమారుడు సర్ హెరాల్డ్ బౌడెన్ పదిహేడేళ్ళు కంపెనీ నడిపారు. 1950ల మొదట్లో ఏడాదికి పది లక్షలకు పైగా సైకిళ్ళు నాటింగ్‌హాం నుండి వచ్చేవి. మా నాన్నగారిది ఆ కాలానిదే. 1952లో బెంగాలులోని ఆసన్‌సోల్ దగ్గర సేన్ ర్యాలీ కర్మాగారం మొదలైంది. మనలో చాలామంది తొక్కిన ర్యాలీలు అక్కడివే. 1980లో కేంద్ర ప్రభుత్వం దానిని జాతీయం చేసింది. తరువాత అది మూతపడింది. నాటింగ్‌హాంలో కూడా 1999లో ఫ్రేములు చేయడం మానేశారు. మరి కొద్ది ఏళ్ళకు కర్మాగారమే మూసేశారు. ఆ స్థలంలో కొంత భాగం మీద ఇప్పుడు విశ్వవిద్యాలయ భవనాలు ఉన్నాయి. అంత పెద్ద కర్మాగారం పోయింది. అక్కడ చేసిన ఉక్కు సైకిలు మాత్రం ఏలూరులో తిరుగుతున్నది.

ఇప్పుడు రోజూ తెల్లవారుజామున కాలువ గట్టు మీద నాలుగైదు కిలోమీటర్లు తొక్కుతాను. నడిస్తే నొప్పి పెట్టే మోకాలు సైకిలు మీద అంతగా నొప్పి పెట్టదు. షుగరు పోలేదు గాని అదుపులోకి వచ్చింది. మా డాక్టరు గారు మందు ఒక బిళ్ళ తగ్గించారు. అందరి ఒళ్ళూ ఒకటి కావు, గుండె జబ్బు, కళ్ళు తిరగడం ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా ఎక్కవద్దని నా మనవి. రద్దీ రోడ్డు మీదకు వెళ్ళవద్దు. సీటు ఎత్తు కాలు నేలకు ఆనేటట్టు పెట్టించుకోండి.

పాత సైకిళ్ళు పోగుచేసేవారు ఒకరు మొన్న దీనికి మంచి ధర ఇస్తామని వచ్చారు. మా అబ్బాయి ఇచ్చేయమనే అన్నాడు. నేను వెనుక మడ్‌గార్డు చూపించి, ఇది చెడిపోయిన సరుకని చెప్పి పంపించాను. ఆ గీకిన మడ్‌గార్డుకు నల్లరంగు మాత్రం వేయించి, అక్షరాలు లేకుండానే ఉంచేశాను. సెలవులకు వచ్చినప్పుడు మనవడు దీని మీదే తొక్కడం నేర్చుకున్నాడు. అడ్డ కడ్డీ కింద నుండి కాలు పెట్టి, మనమందరం నేర్చుకున్నట్టే.

మీ ఇళ్ళలో కూడా అటక మీదో, పాకలోనో, మెట్ల కిందనో ఒక పాత సైకిలు ఉండే ఉంటుంది. ఇనుప సామాన్లవాణ్ణి పిలిచే ముందు ఒక్కసారి వెనుక చక్రం తిప్పి చూడండి. ఆ హబ్బు మీద మడ్డి తుడిచి అంకెలు చదవండి. ఆ తరువాత మీ ఇష్టం.



– ఒక విశ్రాంత ఉద్యోగి, ఏలూరు